పైకి పాకని మంట

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద ఒక కాంప్లెక్సులో మూడో అంతస్తు మొత్తం జూనియర్ కాలేజీ. కింద చెప్పుల దుకాణం, పక్కన కళ్ళజోళ్ళ షాపు. డాబా మీద రేకుల షెడ్డులో లేబొరేటరీ. ఎంసెట్ ర్యాంకులకు లేబొరేటరీతో పనేమీ లేదు కాబట్టి పబ్లిక్ పరీక్షల ముందు తప్ప దాని తాళం తీసేవారు కాదు. మధ్యమధ్యలో తాళం తీయించి, దుమ్ము దులిపించి, పిల్లల్ని పైకి తీసుకుపోయే మనిషి ఆ కాలేజీలో వేదవతి ఒక్కతే.

వేదవతి ఫిజిక్సు లెక్చరర్. పుట్టింది రేపల్లె దగ్గర. ఆమెకు ఊహ తెలియక ముందే తండ్రి ఉద్యోగం హైదరాబాదుకు మారింది. ఆయన పోయాక తల్లి కోటేశ్వరమ్మ, తను చైతన్యపురిలో రెండు గదుల ఫ్లాటులో ఉంటున్నారు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక పరీక్ష అడ్డొచ్చేది. పరీక్షలు అయిపోయేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళు కూడా అయిపోయారు. ఆమె దానికి పెద్దగా బాధపడలేదు. పాఠం చెబుతుంటే చాలు, ఆమెకు కడుపు నిండినట్టుండేది.

2011 వేసవి సెలవుల తర్వాత ఒకరోజు, వేడి గాలి ఎందుకు పైకి పోతుందో చెబుతుండగా సింధు అనే పిల్ల లేచి నిలబడింది.

"మేడమ్, అంతరిక్షంల గ్యాస్ పొయ్యి వెలిగిస్తే మంట ఎటు పోతది? ఆడ పైన, కింద అనేదే లేదు గద?"

క్లాసంతా నవ్వింది. వేదవతి నవ్వలేదు.

"మంట తనంతట తాను పైకి పోదమ్మా. దాని చుట్టూ గాలి వేడెక్కి తేలికవుతుంది. చుట్టుపక్కల చల్లగాలి బరువుగా ఉంటుంది కదా, అది కిందనుంచి దూరి ఈ వేడిగాలిని పైకి నెట్టేస్తుంది. ఆ ఉరవడికే మంట సాగి, కొస తేలుతుంది. బరువన్నదే తెలియనిచోట ఆ ఉరవడి ఉండదు. మంట ఎటూ పోదు. ఉన్నచోటే గుండ్రంగా కూర్చుంటుంది."

"మీరు జూసిన్రా మేడమ్?"

"లేదు," అంది వేదవతి.

ఆ రోజు ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడితే పాలు పొంగిపోయాయి. "ఏవిటే ఆ పరధ్యానం?" అని కోటేశ్వరమ్మ కసిరింది. ఇన్నేళ్ళుగా చెబుతున్న సంగతే, కానీ కళ్ళతో చూడలేదు. ఆ పిల్లకు చెప్పిన "లేదు" ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

అంతరిక్షం దాకా పోనక్కర్లేదని ఆమెకు తెలుసు. ఏ వస్తువైనా అడ్డూ ఆపూ లేకుండా కిందికి పడుతున్నంతసేపూ దాని లోపల బరువు తెలియదు. మంటను ఒక పెట్టెలో పెట్టి పైనుంచి వదిలేస్తే, నేలను తాకేలోపు ఉన్న రెప్పపాటు కాలంలో అది ఎలా మారుతుందో చూడొచ్చు. పెట్టెలోనే చిన్న కెమెరా బిగిస్తే సరి. కావలసిందల్లా ఎత్తైన చోటు.

ఆ చోటు చూపించింది ప్రసన్న. కెమిస్ట్రీ చెప్పేది. వేదవతికంటే ఎనిమిదేళ్ళు చిన్న. వాళ్ళది పోచంపల్లి. తండ్రి రాజయ్య మగ్గం మానేసి ఎల్బీనగర్‌లో బట్టల దుకాణం పెట్టాడు. దుకాణం మీద నాలుగంతస్తులు లేపాడు గానీ లిఫ్టు ఇంకా బిగించలేదు. లిఫ్టు కోసం వదిలిన గొయ్యి పైనుంచి కిందిదాకా ఖాళీగా ఉంది.

"గంతకంటే మంచి జాగ యాడ దొరుకుతదక్కా? మా నాయన ఏమనడు. దా పోదాం," అంది ప్రసన్న.

లైటర్లలో నింపే గ్యాసు చిన్న డబ్బా, దానికి సన్నని గొట్టం, గొట్టం చివర ఇంజెక్షన్ సూది. అదే పొయ్యి. ల్యాబ్ అటెండరు సైదులు పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె ఒకటి సంపాదించి అన్నీ కుదురుగా అమర్చాడు. గొయ్యి అడుగున పాత పరుపులు పరిచాడు. ఆదివారాలు ముగ్గురూ అక్కడే. నాలుగో అంతస్తునుంచి పెట్టె వదలడం, కిందికి పరుగెత్తడం, కెమెరా చూడడం. బొమ్మలో మంట గుండ్రంగా మారడానికి బదులు కురచబడినా కొస ఇంకా పైకే సాగి కనిపించేది. పడుతున్న పెట్టెకు గాలి అడ్డుపడుతోంది, అందుకే లోపల బరువు పూర్తిగా పోవడం లేదని తేలింది.

దానికి ఉపాయం కూడా ప్రసన్నే చెప్పింది. "గీ పెట్టెను ఇంకో పెద్ద డబ్బాల వేలాడదీద్దాం. పెద్ద డబ్బా గాలిని ఎదుర్కుంటది, లోపలి పెట్టె హాయిగ పడ్తది."

పెద్ద డబ్బా తయారయ్యేలోపు సకల జనుల సమ్మె వచ్చిపడింది.

*

ఉద్యమం అంతకుముందూ ఉంది. బందులు, ధర్నాలు, మూతపడ్డ కాలేజీ, వీధిలో పోలీసు వ్యాన్లు. అవన్నీ వాళ్ళిద్దరి టిఫిన్ డబ్బాల మధ్యకు రాలేదు. ప్రసన్న లెక్చరర్ల జేఏసీలో తిరుగుతుందని వేదవతికి తెలుసు. కోటేశ్వరమ్మ టీవీ చూసి దిగులు పడుతుందని ప్రసన్నకూ తెలుసు. ఇద్దరూ ఆ సంగతులు మాట్లాడుకోకుండా సర్దుకుపోయేవారు.

సెప్టెంబరులో సమ్మె మొదలయ్యే ముందు రోజు స్టాఫ్‌రూములో వేదవతి అడిగింది: "డబ్బా వచ్చింది ప్రసన్నా. మీ సమ్మె ఎన్నాళ్ళుంటుంది?"

ప్రసన్న సర్దుకుంటున్న పుస్తకాలు అలాగే వదిలేసింది.

"మీ సమ్మెనా?"

"అదే... సమ్మె."

"'మీ' అన్నవక్కా. ఇన్నేండ్లసంది ఒక్క డబ్బల తిన్నం. నీ నోట 'మీ' అనే మాట గిప్పుడే ఇన్న."

"ఏదో మాటవరసకు వచ్చింది. నేనేమన్నానని? నాలుగేళ్ళ పిల్లనప్పటినుంచీ ఇక్కడే ఉన్నాను. రేపు మమ్మల్ని పొమ్మంటే నేనెక్కడికి పోవాలి?"

"నిన్ను పొమ్మన్నదెవరు? నేనన్ననా? నా కొలువు, నా నీళ్ళు నాకు కావాలంటే నిన్ను పొమ్మన్నట్టేనా?" అంది ప్రసన్న. "జర ఆలోచించు అక్కా."

సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. వేదవతి పిలుద్దామనుకుంది, పిలవలేదు. పక్కబల్ల దగ్గర కూర్చున్న మరో లెక్చరరు పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

తర్వాత బస్సులు ఆగిపోయాయి. కాలేజీకి తాళం పడింది. ఫోను చేతిలోకి తీసుకుని ప్రసన్న పేరు దాకా వచ్చి, పక్కన పెట్టేయడం వేదవతికి అలవాటైపోయింది. అవతలినుంచి కూడా ఏమీ రాలేదు.

*

సమ్మె బాగా ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం కోటేశ్వరమ్మకు బీపీ మాత్రలు అయిపోయాయి. వేదవతి మందుల షాపు వెతుక్కుంటూ నడిచే బయలుదేరింది. దిల్‌సుఖ్‌నగర్ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడుతోంది. కొత్తపేట వైపునుంచి కాగడాల ప్రదర్శన వస్తోంది. రోడ్డు ఈ చివరనుంచి ఆ చివరదాకా మంటలే. డప్పుల మోత, "జై తెలంగాణ" నినాదాలు, కిరోసిన్ వాసన. దాటే వీలు లేక ఆమె ఒక చెరకురసం బండి పక్కన నిలబడిపోయింది.

లెక్చరర్ల వరసలో ప్రసన్న కనిపించింది. పోచంపల్లి నేత చీర, చేతిలో కాగడా. పక్కన సైదులు. ప్రసన్న కూడా ఆమెను చూసింది. ఒక్క క్షణం చూపు నిలిపి, తల తిప్పేసుకుంది.

వేదవతి వెళ్ళిపోదామని వెనక్కి తిరగబోయింది. అప్పుడే ప్రసన్న వెనక నడుస్తున్న ఎవరిదో కాగడాకు చుట్టిన గుడ్డ వదులై, కిరోసిన్ కారుతూ జారిపడింది. పడింది సరిగ్గా ప్రసన్న చీర అంచు మీద.

ముందు ఎవరూ గమనించలేదు. ప్రసన్న కిందికి చూసి కెవ్వున అరిచి పరుగు తీసింది. పరుగెత్తిన కొద్దీ మంట ఎగిసింది. ముందున్నవాళ్ళు బెదిరి పక్కకు తొలిగారు. "అంటువెట్టుకున్నదిరో!" అని ఎవరో కేక వేశారు. ఎల్బీనగర్ చౌరస్తాలో రెండేళ్ళ కిందట రాష్ట్రం కోసం ఒక కుర్రాడు ఒంటికి నిప్పంటించుకున్న సంగతి ఆ గుంపులో ఎవరూ మరిచిపోలేదు. ఆ కేకతో జనం కొయ్యబారిపోయారు. "నీళ్ళు, నీళ్ళు" అంటున్నారే గానీ ఎవరి కాళ్ళూ కదలడం లేదు.

వేదవతికి కనిపించింది ఒక్కటే. మంట పాదాలనుంచి మోకాళ్ళకు ఎక్కుతోంది. నిలబడ్డ మనిషి మంటకు నిచ్చెన లాంటిది. ఇంకాసేపటికి నడుము, పైట, ఆ తర్వాత జుట్టు, ముఖం.

బండి మీద ఐసుగడ్డకు కప్పిన తడి గోనెసంచి లాక్కుని పరుగెత్తింది. ప్రసన్న భుజాల మీద రెండు చేతులూ వేసి, ఉన్న బలమంతా పెట్టి రోడ్డు మీదికి తోసేసింది. ప్రసన్న బోర్లా పడింది. గోనెసంచి కాళ్ళ మీద పరిచి, దానిమీద తను పడి, అంచుల్లోంచి వస్తున్న మంటను అరచేతులతో అదిమింది.

"ఎవరే నువ్వు? ఆమెను నూకుతవా!"

వెనకనుంచి ఎవరో జడ పట్టి లాగారు. మెడ విరిగినంత పనైంది. ఇంకెవరో వీపు మీద గుద్దారు. వేదవతి పట్టు వదల్లేదు. "పొర్లు ప్రసన్నా, పొర్లు!" అని అరుస్తూనే ఉంది. చెరకురసం బండివాడు ఐసునీళ్ళ బకెట్టు తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించాడు. మంట ఆరింది. అప్పుడు గాని జడ పట్టినవాడు ఆమె ముఖం చూడలేదు. అతను సైదులు.

"మేడమ్... మీరా?" అన్నాడు. కానీ జడ వదిలిన చెయ్యి ఇంకా పిడికిలి బిగించే ఉంది.

*

మలక్‌పేటలో ఒక దవాఖానకు ఆటోలో తీసుకుపోయారు. ప్రసన్నను లోపలికి తీసుకెళ్ళి తలుపు మూశారు. నర్సు వేదవతి అరచేతులకు కట్లు కట్టి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది.

ప్రదర్శనలోంచి ఒక్కొక్కరే వచ్చి వరండా నిండింది. మొదట గుసగుసలు, తర్వాత మాటలు.

"ఆంధ్రామె నూకిందట."

"వాళ్ళిద్దరికి కొట్లాటైందట గద కాలేజీల."

ఫోను మోగింది. కట్లు కట్టిన వేళ్ళతో ఎలాగో ఎత్తింది. "ఎక్కడున్నావే? టీవీలో ఏదేదో చూపిస్తున్నాడు. నువ్వు ముందు అక్కణ్ణుంచి వచ్చేయమ్మా. గొడవలవుతాయి," కోటేశ్వరమ్మ ఏడుస్తోంది.

"రాలేనమ్మా. ప్రసన్న లోపలుంది," అని పెట్టేసింది.

వెళ్ళిపోవచ్చు. మెట్లు పక్కనే ఉన్నాయి. వెళితే మాత్రం వాళ్ళనుకున్నదే నిజమైపోతుంది. ఉంటే ఏమవుతుందో తెలియదు. పాదాలను బెంచీ కిందికి లాక్కుని అక్కడే కూర్చుంది.

రాజయ్య వచ్చాడు. దుకాణంలోంచి ఉన్నపళంగా వచ్చినట్టున్నాడు, మెడలో కొలతటేపు అలాగే ఉంది. సైదులు ఎదురెళ్ళి ఏదో చెప్పాడు. "నా కండ్లతోని జూసిన" అన్నమాట మాత్రం వేదవతికి వినిపించింది. రాజయ్య నెమ్మదిగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"నువ్వే నూకినవా బిడ్డా?"

"అవునండీ. నేనే తోశాను."

గుంపులో కదలిక వచ్చింది. రాజయ్య చెయ్యెత్తి ఆపాడు. "ఎందుకు?"

"నిలబడి ఉంటే మంట పైకి పాకుతుంది బాబాయిగారూ. వేడి పైకే పోతుంది కదా. పరుగెత్తితే ఇంకా రేగుతుంది. కింద పడుకుంటే దానికి ఎక్కడానికి దారి ఉండదు. ముఖం దాకా వచ్చేస్తుందేమోనని..." ఆమె మూసిన తలుపు వైపు చూసింది. "చెప్పి పడుకోబెట్టేంత టైము లేదు. అందుకని తోశాను."

రాజయ్య ఆమె కట్లకేసి చూశాడు. వెళ్ళి ఎదురు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతను నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. అలా ఎంతసేపు గడిచిందో కూడా తెలియదు. ఎవరూ ఆమెను ముట్టుకోలేదు, ఎవరూ పక్కన కూర్చోనూ లేదు.

చివరికి తలుపు తెరుచుకుంది. డాక్టరు రాజయ్యతో చెప్పాడు: "మోకాళ్ళ దాకా బాగా కాలింది. ఎడమ చేయి కొద్దిగా. అంతకుమించి పైకి పోలేదు. ప్రాణభయం లేదు." తర్వాత చుట్టూ చూశాడు. "అక్క అని ఎవరు? అడుగుతోంది."

వేదవతి లేచేసరికి జనం దారి ఇచ్చారు.

ప్రసన్న ముఖం మసిబారి ఉంది. మందుల మత్తులో కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. "అక్కా, నా మొకం..."

"బాగుంది. ఏమీ కాలేదు."

"నువ్వు నూకినప్పుడు... నాకు సమజైంది." కాసేపు ఊపిరి తీసుకుంది. "గట్టిగ నూకినవ్. మోచెయ్యి పలిగింది."

గుమ్మం దగ్గర నిలబడ్డ సైదులు అది విన్నాడు. తలకు చుట్టుకున్న గులాబీ కండువా తీసి, మొహం తుడుచుకుని, బయటికి పోయాడు. మరునాడు పొద్దున్నే చైతన్యపురి ఫ్లాటుకు వెళ్ళి కోటేశ్వరమ్మకు బీపీ మాత్రలు ఇచ్చి వచ్చింది అతనే. జడ పట్టిన సంగతి అతనూ ఎత్తలేదు, వేదవతీ ఎత్తలేదు.

*

అక్టోబరు చివర సమ్మె ముగిసింది. రాష్ట్రం ఇంకా రాలేదు. ప్రసన్న లేచి నడిచేసరికి చలికాలం వచ్చేసింది. వేదవతి రోజూ సాయంత్రం వాళ్ళింటికి పోయేది. ఉద్యమం గురించి ఇప్పుడు మాట్లాడుకునేవారు, ఒక్కోసారి గొంతులు కూడా పెరిగేవి. పెట్టె గురించి మాత్రం ఆమె మాట్లాడలేదు. ప్రసన్న వంటింట్లోకి పోవడం లేదని, దేవుడి ముందు దీపం ఆమె వదిన వెలిగిస్తోందని తెలుసు. ఎక్కడన్నా అగ్గిపుల్ల గీసిన చప్పుడైనా ఆ పిల్ల బిగుసుకుపోతోంది. ఇక ఆ ప్రయోగం వద్దులే అని మనసులోనే మూసేసింది.

ఒక ఆదివారం ప్రసన్నే ఎత్తింది. "డబ్బా ఏం జేసినవక్కా?"

"ల్యాబులో ఉంది. ఇప్పుడెందుకులే."

"పైకి పాకని మంట నేను జూడాలె," అంది ప్రసన్న. ఆ మాటకు వేదవతి ఎదురు చెప్పలేకపోయింది.

రాజయ్య తాళాలు ఇచ్చాడు. ప్రసన్న మెట్టుకు ఒకసారి ఆగుతూ నాలుగంతస్తులు ఎక్కింది. సైదులు పెద్ద డబ్బాను తాడుతో గొయ్యి మీద వేలాడదీసి, లోపల చిన్న పెట్టెను కొక్కేనికి తగిలించాడు. తాడు తెంపగానే రెండూ ఒకేసారి పడాలి. గ్యాసు తిప్పారు. మూత వేశాక పెట్టెలో ఉన్న గాలితోనే మంట బతకాలి. ఆలస్యం చేస్తే ఊపిరాడక ఆరిపోతుంది.

వేదవతి లైటర్ తీసింది. అరచేతుల చర్మం ఇంకా బిగుసుకునే ఉంది, వేలు తిరగడం లేదు. రెండుసార్లు నొక్కింది, వెలగలేదు.

"నాకియ్యి," అంది ప్రసన్న.

"వద్దమ్మా. సైదులు వెలిగిస్తాడు."

"ఇయ్యి అక్కా."

ప్రసన్న లైటర్ అందుకుంది. లైటర్ వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. సూది కొస దగ్గరికి తెస్తుంటే మంట అటూ ఇటూ ఊగింది. పెదవి కొరుక్కుంటూ ఆనించింది. సూది చివర పసుప్పచ్చని మంట లేచి, కొస తేలి, రెపరెపలాడింది. ప్రసన్న చటుక్కున వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయింది. సైదులు మూత వేశాడు, డబ్బా మూశాడు. "తెంపుతున్న!" అని తాడు కోసేశాడు.

కింద ధడేలుమని చప్పుడు.

సైదులు పరుగున దిగి కెమెరాను పైకి తెచ్చాడు. ముగ్గురూ దాని చిన్న తెర మీదికి వంగారు. మొదట మామూలు మంట, కొస తేలి, వణుకుతూ. తాడు తెగగానే ఆ వణుకు ఆగిపోయింది. ఎవరో లోపలికి లాగినట్టు కొస కిందికి దిగింది. పసుపు రంగు వెలిసిపోయింది. సూది చివర నీలంగా, గుండ్రంగా, రేగిపండంత మంట. కదలిక లేదు. పైకి పోదు, పక్కకు పోదు. చప్పున తెర నల్లబడింది.

"మళ్ళ పెట్టు," అంది ప్రసన్న.

మళ్ళీ పెట్టింది. ఇంకోసారి. ఇంకోసారి. ప్రసన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ముఖంలో భయం లేదు.

"ఎటు వోవాల్నో ఎర్క లేనట్టున్నదక్కా, పాపం."

"గాలి నెట్టడం లేదు కదా. ఆక్సిజన్ దానంతటది మెల్లగా ఊరి రావాలి. వచ్చినంతే తింటుంది," అంది వేదవతి. ఇన్నేళ్ళూ పాఠంలో చెప్పిన మాటే. ఈసారి తెర మీద మంటను వేలితో చూపిస్తూ చెప్పింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళు ఆపలేదు. రాజయ్య కిందనుంచి టీ పంపాడు. తర్వాత తనూ ఎక్కి వచ్చి, తెర చూసి, "గింత మంట కోసం గింత ఎత్తా?" అని నవ్వాడు. గ్యాసు కాస్త ఎక్కువ తిప్పి వదిలారు. ఈసారి మంట నీలంగా రాలేదు. పొడుగ్గా, లావుగా ఉబ్బి, మసక ఎరుపులో, మసి పట్టిన బుడగలా కనిపించింది. ఇద్దరూ అది అనుకోలేదు.

"మసి పైకి కొట్టుకపోతలేదు. ఆడనే ఉండి పోగైతున్నది. గందుకే ఎరుపు," అంది ప్రసన్న.

"అది సరే, కానీ వేడి బయటికి వెలుగుగా పోయి మంటే చల్లబడుతోంది. అసలు కారణం అది."

"మసి లేకుంటే వెలుగు యాడికెల్లి వస్తది? నువ్వు చెప్పేది నేను చెప్పిందాని తర్వాతిది."

"కాదు ప్రసన్నా, నువ్వు వినవే..."

మెట్లు దిగుతున్నంతసేపూ వాదించుకుంటూనే ఉన్నారు. రెండో అంతస్తు దగ్గర ప్రసన్న నొప్పికి ఆగితే వేదవతి భుజం ఆసరా ఇచ్చింది. ఆ ఆసరాతో నిలబడే ప్రసన్న వాదన కొనసాగించింది. సోమవారం క్లాసులో సింధుకు ఎవరు ముందు చూపించాలన్న దాని మీద కూడా కాసేపు కొట్లాడుకున్నారు. దుకాణం ముందు రాజయ్య, సైదులు ఆటో పిలిచి నిలబడితే, ఆటోవాడు విసుక్కునేదాకా ఇద్దరూ రోడ్డు మీదే ఉన్నారు.